గ్రావెల్ గుంతలో బడి పిల్లల పని: మొదటి ఏడాది మొక్కలు వద్దు

మేడం గారూ, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. జూన్ 5కి ఇస్తామంటున్న ఆ 500 మొక్కలు తీసుకోకండి. మొహమాటానికి తీసుకోక తప్పకపోతే ఊళ్ళో ఇళ్ళకు పంచేయండి. ఆ గుంతలో మాత్రం ఈ ఏడాది ఒక్కటి కూడా నాటొద్దు.

మిగతావాళ్ళకు అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది రెండు ముక్కల్లో చెబుతాను. చేబ్రోలు వైపు ఒక హైస్కూలు. బడి వెనక రెండెకరాల పంచాయతీ స్థలం, గ్రావెల్ తవ్వుకుని వదిలేశారు. సర్కారు తుమ్మ, చెత్త, ఒక మూల నీళ్ళు నిలిచే లోతు గుంత. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఆ నేలను బాగుచేయించాలని మీ ఆలోచన. ఒక దాత మొక్కలు ఇస్తామన్నారు. ఏ మొక్కలు నాటాలి, దీన్ని పాఠాలతో ఎలా కలపాలి, వేసవి సెలవుల్లో నీళ్ళు ఎవరు పోస్తారు అని మూడు ప్రశ్నలు అడిగారు. నా ఉద్యోగమంతా వాటర్‌షెడ్ పనుల్లోనే, అంటే వాననీటినీ మట్టినీ నేలమీదే ఆపే పనుల్లోనే గడిచింది. రిటైరయ్యాక గుంటూరు చుట్టుపక్కల బడులకు ఇలాంటి పనుల్లో సాయం చేస్తున్నాను. ఆ చనువుతో కొంచెం కటువుగానే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

జూన్ 5 సంగతి ముందు చూడండి. మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అంటే పర్యావరణ దినోత్సవం నాడు పిల్లలే ఉండరు. ఇక వాన. రుతుపవనాలు కేరళను తాకేదే జూన్ మొదట్లో. రోహిణి కార్తె అప్పటికింకా వెళ్ళదు, రోళ్ళు పగిలే ఎండ. ఆ ఎండలో, సెలవుల్లో, తెచ్చిన నలుగురు కుర్రాళ్ళతో గోతులు తీయించి మొక్కలు పెడితే మిగిలేది ఫొటో ఒక్కటే. ఊటీకి ఆ తేదీ నప్పుతుందేమో గానీ గుంటూరుకు నప్పదు. మనవాళ్ళు కార్తెలు చూసుకుని విత్తింది ఊరికే కాదు.

తేదీ మార్చి ఆగస్టులో నాటితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. గ్రావెల్ తీసిన చోట ముందు పోయేది పైమట్టి. జానెడో రెండు జానెళ్ళో ఉండే ఆ పొరలోనే వేళ్ళు, వానపాములు, కుళ్ళిన ఆకు, సూక్ష్మజీవులు అన్నీ ఉంటాయి. అది పక్కకు తోసేసి కింది గ్రావెల్ ఎత్తుకుపోయారు. మిగిలిన అడుగు మీద ఏళ్ళ తరబడి లోడు టిప్పర్లు తిరిగాయి. అంటే అక్కడున్నది మట్టి కాదు, దిమ్మిస చేసిన రోడ్డు. అందులో అడుగున్నర గొయ్యి తీసి మొక్క పెడితే వానాకాలంలో ఆ గొయ్యిలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి అదే గొయ్యి ఎండి బీటలు వారుతుంది. వేరు గొయ్యి గోడ దాటి బయటికి పోలేదు. ‘నీళ్ళు పోసినా చచ్చిపోయింది’ అని పిల్లలు అనుకుంటారు. నిజానికి నీళ్ళ లోపం కాదది.

ఇది మీరు నోటితో చెప్పొద్దు, పిల్లలే కనిపెట్టాలి. దానికి ఒక పరీక్ష ఉంది, రూపాయి ఖర్చు లేదు. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి, జానెడు పొడవుది, ప్లంబర్ దగ్గర తెచ్చుకోండి. లేదంటే పాత పెయింటు డబ్బా అడుగు కోయించండి, ఆ కోసే పని మాత్రం పెద్దవాళ్ళే చేయాలి. దాన్ని నేలలో రెండంగుళాలు దిగేలా, పైన చెక్క పెట్టి సుత్తితో కొట్టాలి. అర లీటరు నీళ్ళు పోసి ఇంకిపోయేదాకా టైము చూడాలి. ఒకసారి పోసింది ఇంకాక మళ్ళీ అర లీటరు పోయాలి, రెండోసారి వచ్చిన టైమే లెక్క. ఎందుకంటే పొడి నేల మొదట కొంచెం దొంగ లెక్క చెబుతుంది. ఇది మూడు చోట్ల చేయించండి: బడి ఆవరణలో వేపచెట్టు కింద, పక్క పొలం గట్టు మీద, గుంతలో టిప్పరు తిరిగిన బాట మీద.

వేపచెట్టు కింద నీళ్ళు చూస్తుండగానే దిగిపోతాయి. టిప్పరు బాట మీద పీరియడ్ అయిపోయి గంట కొట్టినా పైపులో నీళ్ళు తళతళలాడుతూనే ఉంటాయి. కొన్నిచోట్ల పైపే దిగదు. అది కూడా నోటుబుక్కులో రాయించండి, ‘పైపు దిగలేదు’ అని. ఈ పరీక్ష చేసిన పిల్లలెవరూ తర్వాత ‘సార్, మొక్కలు ఎప్పుడు నాటుదాం’ అని అడగరు. ‘దీన్ని ఎలా వదులు చేయాలి’ అని అడుగుతారు. మీకు కావలసిన ప్రశ్న అదే.

అయితే పిల్లల్ని గుంతలోకి దింపకముందు రెండు పనులున్నాయి. ఒకటి కాగితాలు. పంచాయతీ స్థలం అని ఊళ్ళో అందరూ అంటారు, తీరా సర్వే నంబరు తీస్తే వేరే ఏదో తేలుతుంది. సర్కారు భూముల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ చూడండి, ఊరి సచివాలయంలో సర్వేయరు చేత హద్దులు చూపించుకోండి, పంచాయతీ చేత తీర్మానం రాయించుకోండి. తీర్మానంలో ‘బడి పిల్లల చదువు కోసం, ఇన్నేళ్ళు’ అని ఉండాలి. లేదంటే మీరు బాగుచేశాక ఎవరో ఒకరు షెడ్డు వేస్తారు. పిల్లలు మూడేళ్ళు చాకిరీ చేసిన స్థలం రాత్రికి రాత్రి టిప్పర్ల పార్కింగ్ అయిపోవడం నేను చూశాను, ఏ ఊరో చెప్పను. కొండ పక్క స్థలమైతే అటవీ శాఖ హద్దు కూడా చూసుకోవాలి, రిజర్వు ఫారెస్టులో గునపం వేయాలన్నా వాళ్ళ అనుమతి కావాల్సిందే.

రెండోది ప్రాణాల సంగతి. ఆ నీళ్ళ గుంత గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఉత్తరం మొత్తంలో టెన్షన్ పుట్టించింది ఆ వాక్యమే. క్వారీ గుంత చెరువు లాంటిది కాదు. చెరువుకు వాలు ఉంటుంది, కాలు జారినా మోకాలి లోతులో ఆగొచ్చు. గుంత గట్టు నిలువుగా ఉంటుంది, జారితే తల మునిగే లోతే. మన జిల్లాలో ఈ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. దాని చుట్టూ కంచె పడేదాకా ఏ పనీ మొదలుపెట్టకండి. నిలువుగా కోసిన మట్టి గట్టుల కింద కూడా పిల్లల్ని నిలబెట్టొద్దు, ముఖ్యంగా వానలో. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ గట్టు అంత ఎత్తు ఉండకపోవచ్చు, కానీ మీద పడితే ఆరడుగుల మట్టయినా ఊపిరాడనివ్వదు.

పాములుంటాయి. తుమ్మ కంప, రాళ్ళ కుప్పలు, చెత్తలో ఎలకలు, ఇంకేం కావాలి. రక్తపింజరి మన ఎర్ర నేలల్లో మామూలే. రాయిని చేత్తో ఎత్తొద్దు, ముందు గునపంతో కదపాలి. చెప్పుల్లేకుండా ఎవరినీ దింపొద్దు, వీలైతే గమ్‌బూట్లు. కాటు పడితే కట్లు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం ఇవేవీ చేయకుండా 108కి ఫోను, తిన్నగా గుంటూరు పెద్దాసుపత్రి. ఈ సంగతి తల్లిదండ్రుల మీటింగులో ముందే చెప్పి సంతకాలు తీసుకోండి. దాచిపెట్టి మొదలుపెడితే తేలు కుట్టిన మొదటి రోజే పని ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు పని. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు మీకు కొన్ని వారాలున్నాయి. ఈ కాలాన్ని నేల చరిత్రకు వాడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదివారీగా చూడొచ్చు, ఇస్రో వాళ్ళ మ్యాపుల సైటు భువన్ కూడా ఉంది. గుంత ఎప్పుడు మొదలైంది, ఎటు పెరిగింది, ఏ చెట్లు పోయాయి అన్నది పిల్లలు ట్రేసింగ్ కాగితం మీద గీయగలరు. తర్వాత ఊళ్ళో ముసలాళ్ళను అడిగి రమ్మనండి: తవ్వకముందు అక్కడ ఏముండేది, వాననీళ్ళు ఎటు పోయేవి, గొడ్లు ఏం మేసేవి. ‘అక్కడ బలుసుకూర కోసేవాళ్ళం’, ‘రేగుపళ్ళకు పోయేవాళ్ళం’ అన్న మాటలే రేపు మీ మొక్కల జాబితా. నర్సరీ వాడి జాబితా కన్నా అది నమ్మదగినది. ఒక శనివారం కొండవీడు తీసుకెళ్ళండి. ఎర్ర నేల, రాళ్ళు, వాలు, ఎవరూ నీళ్ళు పోయరు, అయినా అక్కడ ఏవి బతుకుతున్నాయో పిల్లలు రాసుకోవాలి. విజయవాడ వైపు వాళ్ళకైతే కొండపల్లి ఉంది, బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెట్టు అక్కడి కొండలదే.

అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అని ఉంది, తెలుసుగా. 1990లో 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టారు. వాళ్ళ పద్ధతిలో పెద్ద వింత లేదు. నిప్పు పడకుండా, మేత పడకుండా నేలను కాపాడారు, నీటిని ఆపారు, నేల తనంతట తాను చాలావరకు కోలుకుంది. వాళ్ళకు పడే వానకు మనకు పడేది దాదాపు ఒకటిన్నర రెట్లు. కాబట్టి వాన చాలదన్న సాకు మనకు లేదు. పడిన వాన ఆగడం లేదు, అదీ మన బాధ.

నీటి లెక్క తరగతిలో వేయించండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. రెండెకరాలంటే దాదాపు 8,100 చదరపు మీటర్లు. ఒక గట్టి వాన 50 మిల్లీమీటర్లు పడితే నాలుగు లక్షల లీటర్లు. అందులో సగం జారిపోయిందనుకున్నా రెండు లక్షల లీటర్లు. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో పట్టేది 750 లీటర్లు. మరి ఎన్ని కందకాలు కావాలి? పిల్లలు భాగహారం చేసి 267 అని చెప్పి నోరు వెళ్ళబెడతారు. అప్పుడు అడగండి, అన్ని కందకాలు తవ్వలేం కదా, ఇంకేం చేయొచ్చు అని. నేలనే వదులు చేస్తే, అదే కొంత తాగితే? ఇందాకటి పైపు పరీక్ష దగ్గరికి వాళ్ళే వస్తారు.

వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో గీతలు గీయడానికి ఏ-ఫ్రేమ్ అనే పరికరం పిల్లల చేతే చేయించండి. ఆరడుగుల వెదురు బొంగులు రెండు పైన కలిపి కట్టాలి, మధ్యలో ఒక అడ్డ కర్ర. కొసన పురికొసతో చిన్న రాయి వేలాడదీయాలి, ఆ తాడు అడ్డ కర్రను తాకుతూ వేలాడాలి. ఇప్పుడు దాన్ని నేల మీద నిలబెట్టి, రెండు కాళ్ళ దగ్గర గుర్తులు పెట్టి, తాడు అడ్డ కర్ర మీద ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గీయాలి. కాళ్ళు తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెడితే తాడు ఇంకోచోట ఆగుతుంది. ఆ రెండు గీతల సరిగ్గా మధ్య ఇంకో గీత. ఇకనుంచి తాడు ఆ మధ్య గీత మీద ఆగితే రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఒక కాలు కదపకుండా రెండో కాలిని తిప్పుకుంటూ వాలు మీద నడవాలి, సమంగా ఉన్న ప్రతిచోటా ఒక మేకు. గాలి వీస్తే తాడు ఊగి సతాయిస్తుంది, అందుకే పొద్దున్నే చేయాలి. చివర్లో అన్ని మేకులకూ సున్నం చల్లి చూస్తే నేల మీద వంకర గీత కనిపిస్తుంది. ‘చదునుగానే ఉంది కదా సార్’ అన్న నేల ఎంత వంకరో అప్పుడు తెలుస్తుంది. సోషల్ పుస్తకంలో కాంటూరు గీతల బొమ్మ వాళ్ళకు ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సున్నం గీతల వెంట మే నెలలో జేసీబీ పళ్ళతో నేలను అడుగున్నర లోతు చీల్పించండి. తిరగేయొద్దు, చీల్చాలంతే. ఇది పిల్లల పని కాదు, పిల్లలతో చేయించకూడదు కూడా. గీత వాళ్ళది, మిషను డ్రైవరుది. గీత దాటి వాలు వెంట చీలిస్తే మొదటి వానకే అది వాగు అవుతుంది, కాబట్టి ఆ రోజు మీరో డ్రిల్ మాస్టారో దగ్గరుండాలి. పెద్ద కందకాలు ఉపాధి పనుల్లో పెట్టించుకోవడానికి పంచాయతీని అడగండి. పిల్లలకు మిగిలేది కాలవలు కోసిన చోట చిన్న రాళ్ళ వరుసలు పేర్చడం. అది వాళ్ళకు ఇష్టమైన పని, వద్దన్నా ఆపరు.

కాలవల్లో మట్టి ఎంత పోతోందో కొలవడానికి ఎనిమిదంగుళాల మేకు, దానికో వాషరు చాలు. వాషరు నేలకు ఆనేలా మేకు దిగ్గొట్టాలి. వానకు మట్టి కోసుకుపోతే వాషరు కిందికి జారుతుంది, మేకు తలకూ వాషరుకూ మధ్య పెరిగిన దూరమే పోయిన మట్టి. ఒక ఎకరంలో ఒక్క మిల్లీమీటరు పోతే నాలుగు క్యూబిక్ మీటర్ల మట్టి, అంటే ట్రాక్టరు ట్రక్కు నిండి ఇంకా మిగులుతుంది. రాళ్ళ వరుస పేర్చాక పైవైపు మేకుల దగ్గర వాషరు మట్టిలో కూరుకుపోతే, మీ కట్ట పనిచేసినట్టు.

భూసార పరీక్షకు కూడా ఇప్పుడే పంపండి. లాం ఫారం, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రం, మీకు దూరమేం కాదు. ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, ‘వి’ ఆకారంలో జానెడు లోతు గొయ్యి తీసి, గోడ వెంట పలచగా ఒక చెక్క మట్టి కోసి, అన్నీ ప్లాస్టిక్ టబ్బులో కలపాలి. పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి, అరకిలో మిగిలేదాకా అలాగే. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో వేసి చీటీ రాయాలి. గుంతది ఒకటి, పక్క పొలానిది ఒకటి, విడివిడిగా పంపండి. రిపోర్టులో సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకూ అలమూ నేలకిచ్చేది) గడి చూపించి రెండూ పోల్చమంటే చాలు.

జూన్‌లో బడి తెరిచాక, ఆరుద్ర, పునర్వసు వానలకు, చీల్చిన నేలలో విత్తనాలు చల్లండి. ఉలవ, పిల్లిపెసర, జనుము, వెంపలి, కొంచెం జీలుగ. ఇవేవీ ఫొటోకి అందంగా ఉండవు. కానీ చచ్చిన నేలలోకి ముందు అడుగు పెట్టేవి ఇవే. మన గుంటూరులోనే ఆఫీసున్న రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల చేత వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తుంది, పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్) అంటారు. విత్తనానికి మట్టి, బూడిద పట్టించి ఉండలా చేసి పొడినేలలో చల్లి పైన గడ్డి కప్పుతారు. మీ ఊళ్ళో అలా చేసే రైతు ఒకరు తప్పక దొరుకుతారు. బడికి పిలిచి ఆయన చేతే పాఠం చెప్పించండి. మీరు చెప్పేదానికన్నా బాగా చెబుతారు.

నలభై ఐదు రోజులకు ఒక ఉలవ మొక్కను వేళ్ళు తెగకుండా మట్టిపెళ్ళతో సహా ఎత్తి బకెట్ నీళ్ళలో మెల్లగా కడిగించండి. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబి రంగు కనిపించాలి. అదుంటే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పనిచేయడం లేదు. ఆ బాక్టీరియా పేరే రైజోబియం, ఎనిమిదో తరగతి పుస్తకంలో దాని గురించి నాలుగు లైన్లుంటాయి, పరీక్షకు బట్టీ పడతారు. తన గోటికి అంటిన ఆ ఎరుపు చూసిన పిల్ల దాన్ని మర్చిపోదు. పక్క పొలంలో పీకిన మొక్కకూ గుంతలో పీకిన మొక్కకూ బుడిపెలు లెక్కపెట్టించండి. గుంతలో తక్కువుంటే విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించి ఇంకో మడి వేయండి. అదే ప్రయోగం, అదే ప్రాజెక్టు, సైన్స్ ఫెయిర్‌కు థర్మోకోల్ అగ్నిపర్వతం చేయక్కర్లేదు.

పూతకు వచ్చాక కోసి అక్కడే పరచండి. కోసింది ఇంటికి, గొడ్లకు పోకుండా చూసుకోండి, ఊళ్ళో అందరి కన్నూ దాని మీదే ఉంటుంది. దానిపైన వరిగడ్డి, రాలిన ఆకు. పత్తి కట్టె పొలాల్లో తగలబెట్టేస్తారు, అది అడిగితే ఉచితంగా తోలుకోమంటారు. అడ్డంగా పరిస్తే నీళ్ళకు అడ్డం, ఎండకు నీడ. అన్నిటికన్నా మేలైనది చెరువు మట్టి. మన తాతల కాలం నుంచి వేసవిలో చెరువు పూడిక తీసి పొలాలకు తోలుకునే అలవాటుంది. నల్లటి బంక పూడిక మీ ఎర్ర గ్రావెల్ మీద పడితే ఆ నేలకు లేని పట్టు వస్తుంది.

సర్కారు తుమ్మ మొత్తం ఒకేసారి పీకించొద్దు. అది దొంగదే, ఒప్పుకుంటాను. కొట్టిన కొద్దీ మొదలు నుంచి పది కొమ్మలు వేస్తుంది, నేల కింద అడుగు లోతున వేరు మొదలు తవ్వి తీస్తే తప్ప చావదు. కానీ ఈరోజు ఆ గుంత గట్టులను పట్టుకుని ఉన్నది కూడా అదే. కొట్టిన కంపను మేకలు రాకుండా కంచెగా వేయండి. రెండో ఏడు మీ మొక్కలు నిలిచిన మేర తుమ్మ తీయించుకుంటూ పోండి. ముళ్ళ పని పిల్లలకు వద్దు, కంట్లో పొడుచుకుంటే బడి మొత్తం మీ మీదికొస్తుంది.

మేకల గురించి అందరూ కాపరులను తిడతారు. తిట్టి లాభం లేదు, ఆయన మేకలు ఎక్కడో ఒకచోట మేయాలి. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి అడగండి: ఏ పక్క వదిలితే ఇబ్బంది లేదు, ఏ నెలలు ఇటు రాకుండా ఉండగలరు. గట్టు వెంట వాక్కాయ, గచ్చకాయ పొదలు పెంచితే మూడేళ్ళకు ప్రాణమున్న కంచె తయారవుతుంది. వాక్కాయ పప్పు రుచి తెలిసిన ఊరు ఆ కంచెను తనే కాపాడుతుంది.

రెండో ఏడు, పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో, అంటే జూలై చివర, ఆగస్టు మొదట్లో మొక్కలు పెట్టండి. యాభై అరవై చాలు. వేప, కానుగ, రేల, మోదుగ, నేరేడు, రేగు, తంగేడు, వావిలి, బలుసు. నీళ్ళు నిలిచే పల్లంలో నేరేడు, కానుగ. గట్టి చోట రేల, రేగు, తంగేడు. మీ ముసలాళ్ళు చెప్పినవి దొరికితే వాటికే మొదటి పీట. మోకాలెత్తు మొక్క తీసుకోండి. ఆరడుగుల మొక్క ఫొటోలో బాగుంటుంది గానీ చిన్న సంచిలో దాని వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, నేలలో పెట్టినా అలాగే చుట్టుకుంటుంది. కోనోకార్పస్ ఎవరైనా ఉచితంగా ఇస్తానన్నా వద్దనండి. సుబాబుల్ కూడా అంతే, అది విత్తనం రాల్చి మీ రెండెకరాలూ తనే మింగేస్తుంది.

కొనడం కన్నా నర్సరీ బళ్ళోనే పెట్టడం మేలు. వేపపండు రాలేది బడి తెరిచే రోజుల్లోనే. వేప గింజ ఎక్కువ కాలం ఆగదు, ఏరిన వారంలో విత్తేయాలి. రేల గింజ పెంకు గట్టిది, గరుకు రాయి మీద అరగదీసి నానబెడితేనే మొలుస్తుంది. అరగదీసినవి పది, తీయనివి పది పక్కపక్కన పెట్టించండి, ఎందుకో చెప్పకుండా. భాద్రపదంలో తాటిపండ్లు రాలతాయి, టెంకలు ఏరి గట్ల మీద పాతేస్తే చాలు, వాటికి నీళ్ళు పోసే పని లేదు. కొన్ని విడిగా పాతర వేయండి, సంక్రాంతి నాటికి తేగలు తినొచ్చు. పిల్లల హాజరు ఆ రోజు నూటికి నూరు.

విత్తన బంతులు, మియావాకీ అడవుల గురించి కూడా చాలామంది అడుగుతారు. చీల్చని గట్టి నేల మీద బంతులు విసరడం వేడుకే తప్ప వ్యవసాయం కాదు. జపాన్ శాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు దట్టంగా పెడతారు, దానికి నేలను లోతుగా తవ్వి బోలెడంత ఎరువు కలపాలి, మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళు పోయాలి. విజయవాడ నడిబొడ్డులో బోరున్న చిన్న పార్కుకు బాగుంటుంది. మీ గుంతకు వద్దు.

వేసవి సెలవుల ప్రశ్నకు నా జవాబు చాలావరకు వచ్చేసింది. మొదటి ఏడు నీళ్ళు పోయాల్సినదేదీ నాటరు కాబట్టి ఆ బెంగ లేదు. రెండో ఏడు అరవై మొక్కలే కాబట్టి బడికి దగ్గరి ఇళ్ళ పిల్లలు ఆరుగురు, వారానికి రెండుసార్లు, పొద్దెక్కకముందు. మొక్క మొదలు పక్కన సన్న రంధ్రమున్న కుండ పాతి, మూత పెట్టి, నింపి వెళ్తే నాలుగు రోజులు తడి ఉంటుంది. వాచ్‌మన్‌కో ఆయాకో ఎంతో కొంత ముట్టజెప్పడానికి దాతను అడగండి. ఉచితంగా చేయమంటే మే రెండో వారానికి ఎవరూ రారు, వాళ్ళ తప్పూ కాదు.

టైమ్‌టేబుల్ సంగతి. 2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు పది బ్యాగ్‌లెస్ రోజులు ఉండాలని ఉంది, ఎనిమిదో తరగతికి అవి ఇక్కడ పెట్టుకోవచ్చు. తొమ్మిదో తరగతికి నెలకు రెండు పూటలు దొరికితే చాలు. ప్రతి పిల్లవాడికీ గుంతలో ఒక చదరపు మీటరు ఇవ్వండి, నాలుగు పుల్లలు, పురికొస. నెల నెలా ఆ చదరంలో ఎన్ని రకాల మొక్కలు, ఎంత నేల ఖాళీగా ఉంది, ఏ పురుగులు, వానపాము ఉందా లేదా, రాసి బొమ్మ వేయాలి. ఒక ఇనుప కమ్మీ పాతి, ప్రతి నెలా మొదటి సోమవారం దాని పక్కనే నిలబడి అదే దిక్కుకు ఫొటో తీయాలి. మార్కులు ఈ నోటుబుక్కుకు వేయండి, ఎన్ని మొక్కలు బతికాయన్నదానికి కాదు. బతికినదానికి వేస్తే చచ్చిన మొక్క స్థానంలో కొత్తది తెచ్చి పెడతారు, నేను చూసిందే చెబుతున్నా.

‘మా పిల్లల్ని కూలిపనికి పంపామా’ అని ఎవరో ఒక తండ్రి తప్పకుండా వస్తాడు. ఆయన్ని కోప్పడకండి, ఆయన తాను పడిన కష్టం బిడ్డ పడకూడదనుకుంటున్నాడు. ఆ నోటుబుక్కు చేతికివ్వండి. గునపం పట్టే పని గంటకు మించి ఏ పిల్లవాడితోనూ చేయించొద్దు, ఆడపిల్లల్ని ఊడ్చే పనికీ మగపిల్లల్ని తవ్వే పనికీ పెట్టొద్దు.

దాతతో ఇలా అనండి: ‘మొక్కలు వచ్చే ఏడు అరవై తీసుకుంటాం. ఈ ఏడు నీళ్ళ గుంత చుట్టూ కంచె, జేసీబీకి ఒక రోజు కిరాయి, ఇరవై ట్రక్కుల చెరువు మట్టి ఇప్పించండి.’ బ్యానరు కావాలంటే కంచెకు కట్టుకోమనండి, మనకేం పోయింది.

నీళ్ళ గుంత లోతు తాడుకు రాయి కట్టి గట్టు నుంచి పెద్దవాళ్ళ చేత కొలిపించి, నీళ్ళు ఏ నెల దాకా ఉంటాయో ఊళ్ళో అడిగి రాయండి. వేసవిలో పూర్తిగా ఎండేదైతే ఒకవైపు గట్టు వాలుగా కొట్టించి పశువులు దిగే కుంటగా మార్చవచ్చు. ఏడాది పొడవునా ఉండేదైతే సంగతి వేరు, దానికి వేరే ప్లాను రాసి పంపుతాను.